డెల్టాలో సాయంత్రపు ఆకలి

విజయవాడలో సాయంత్రం నాలుగు దాటగానే పునుగుల బండ్ల చుట్టూ జనం మూగడం అనాదిగా వస్తున్న అలవాటులా కనిపించినా, కృష్ణా డెల్టా ప్రజల భోజన వేళలను పరిశీలిస్తే, కొంచెం కొంచెంగా పలుమార్లు తినే పద్ధతి ఇక్కడ చాలా పాతదనీ, అయితే పూర్వం అది పొద్దుటి పూటకు చెందినదనీ, సాయంత్రపు చిరుతిండి మాత్రం రైలు, కచేరీ, సినిమా వచ్చిన తరువాత స్థిరపడినదనీ చెప్పవలసి ఉంటుంది.

పొలం పని తెల్లవారకముందే మొదలయ్యే రోజుల్లో తొలి తిండి చద్ది, అంటే రాత్రి మిగిలిన అన్నాన్ని నీళ్ళలోనో మజ్జిగలోనో నానవేసి, తెల్లవారేసరికి కాస్త పులిసినదాన్ని ఉప్పు కలిపి, ఉల్లిపాయో పచ్చిమిరపకాయో ఊరగాయో నంజుకుని తినడం. గంజినీ కడుగునీటినీ కుండలో పోసి పులియబెట్టిన తరవాణి దీనికి తోడు. పదిహేనో శతాబ్దపు పోతన తన భాగవతం దశమ స్కంధంలో గోపబాలురు అడవిలో చద్దులు తినే ఘట్టాన్ని వర్ణిస్తూ, కృష్ణుడు ఎడమచేత పెరుగన్నపు ముద్ద పట్టుకుని వేళ్ళ సందుల్లో ఊరగాయ ముక్కలు ఇరికించుకున్నాడని చెప్పడం, పని చోటికి మోసుకుపోయే ఈ తిండి ఆనాటికే ఎంత సర్వసాధారణమో తెలుపుతుంది. అయితే చద్దికి వరి అన్నమే కావాలన్న నియమం లేదు. 1832–33 నాటి కరువులో గుంటూరు సీమ అల్లాడిన తరువాత, ఆర్థర్ కాటన్ సిఫారసు మీద చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట కాలువలకు నీరిచ్చాకనే ఈ ప్రాంతంలో వరి ఇంతగా విస్తరించింది గనుక, అంతకుముందు మెట్ట ఊళ్ళలో జొన్న అంబలి తాగి పొలానికి వెళ్ళినవారే ఎక్కువ.

ఇలా పొద్దున చద్ది, పొద్దెక్కాక అన్నం తిన్న కుటుంబం, ఆముదపు దీపాన్ని పొదుపుగా వాడుకోవలసిన కాలంలో, పొద్దు గూకే వేళకే రాత్రి భోజనమూ ముగించేది. మధ్యాహ్నానికీ రాత్రికీ నడుమ ఖాళీ చాలా తక్కువ కాబట్టి సాయంత్రపు ఆకలికి ప్రత్యేకమైన తిండి అవసరపడలేదు. చెగోడీలు, జంతికలు, అరిసెలు, సున్నుండలు ఉండేవి గాని అవి పండుగలకూ, పురుళ్ళకూ, సారె కావిళ్ళకూ చెందినవి. శనివారం రాత్రి అన్నం మాని ఫలహారం తీసుకునే ఆచారం కూడా అదనపు తిండి కాదు, భోజనానికి బదులు మాత్రమే.

ఈ వేళలను మార్చినది పట్టణం. 1889లో నిజాం రాజ్యపు రైలుమార్గం బెజవాడ చేరడం, 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తికావడం వల్ల ఆ ఊరు నాలుగు దిక్కుల ప్రయాణికులు మారే కూడలి అయింది. డబ్బు తీసుకుని భోజనం పెట్టే పూటకూళ్ళ ఇళ్ళు తెలుగువారికి కొత్త కాదు, క్రీడాభిరామమనే పాత తెలుగు వీధినాటకంలోనే ఓరుగల్లు పూటకూటింటి భోజనం రూకకు దొరికేదన్న ప్రస్తావన ఉంది. కాని ఆ ఇళ్ళు పెట్టినది పూట భోజనం. బండి మారే ప్రయాణికుడికి కావలసినది పావుగంటలో ముగిసే తిండి. దానికన్న బలమైన కారణం ఉద్యోగం. కచేరీకి వెళ్ళే గుమాస్తా, బడికి వెళ్ళే పిల్లవాడు తొమ్మిదిన్నరకే అన్నం తినేసి బయలుదేరితే, ఐదింటికి ఇల్లు చేరేసరికి ఏడెనిమిది గంటలు గడిచిపోతాయి. కిరసనాయిలు దీపాలూ, ఆపైన విద్యుత్తూ వచ్చి రాత్రి భోజనాన్ని వెనక్కి జరిపాయి, 1921లో వెలసిన మారుతీ సినిమా మొదలుగా బెజవాడ సినిమాహాళ్ళు దాన్ని మరింత జరిపాయి, మొదటి ఆట చూసినవారు తొమ్మిది దాటాకనే విస్తరి ముందు కూర్చునేవారు. 1930లలో తేయాకు కంపెనీల తరఫున దేశమంతటా సాగిన ప్రచారంతో టీ కూడా ఈ ఖాళీలో చేరింది. అందుచేత ఈ వేళ తినాలనిపించడాన్ని ఒట్టి జిహ్వచాపల్యమని తీసిపారేయడం సరికాదు.

ఆ ఖాళీని నింపిన పదార్థం డెల్టా నేల నుంచే వచ్చింది. వరి కోతకు కొద్దిరోజుల ముందు, పైరు ఇంకా నిలిచి ఉండగానే మాగాణిలో మినుము చల్లితే, నేలలో మిగిలిన తేమతోనూ మంచుతోనూ అది పండుతుంది. గుంటూరు దగ్గరి లాం పరిశోధన క్షేత్రం ఎల్‌బీజీ పేరుతో మినుము వంగడాలను రూపొందించడం ఈ రెండో పంటకు బలమిచ్చింది. పన్నెండో శతాబ్దపు సంస్కృత గ్రంథం మానసోల్లాసంలోనే మినప పిండి వంటకాలు ఉన్నా, అవి రాజుగారి వంటశాలవి. బండి మీద పునుగు వాటికి దూరపు చుట్టం. పొద్దున ఇడ్లీకో అట్టుకో రుబ్బిన పిండి సాయంత్రానికి పులిసి ఇడ్లీకి పనికిరాకుండా పోతే, అందులో కాస్త బియ్యప్పిండి, జీలకర్ర, ఉల్లిముక్కలు కలిపి, వేళ్ళ చివరతో చిన్న చిన్న ముద్దలుగా కాగిన నూనెలోకి జారవిడిచి, బంగారు రంగు రాగానే చిల్లుల గరిటెతో తీసి, వేరుశనగ చట్నీతో కాగితంలో పెట్టి ఇస్తారు. చద్ది రాత్రి పులిసిన మిగులైతే ఇది పగలు పులిసిన మిగులు. తేడా అంతా నూనెలో ఉంది, ఆ తేడా చిన్నది కాదు.

ఇటీవల కొంచెం కొంచెంగా ఆరుసార్లు తినమనే సలహా బాగా ప్రచారంలో ఉంది. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడే మధుమేహ రోగులకు రక్తంలో చక్కెర మరీ పడిపోకుండా ఇది అవసరం కావచ్చు గాని, ఒకే మోతాదు ఆహారాన్ని మూడు పూటల్లో తిన్నా ఆరు విడతల్లో తిన్నా బరువులో చెప్పుకోదగిన తేడా రాదని పలు పరిశోధనలు తేల్చాయి. డెల్టా కూలీకి చద్ది మేలు చేసినదంటే పలుమార్లు తిన్నందువల్ల కాదు, తిన్నదాని వెంటనే నడుములు వంగే పని ఉన్నందువల్ల. ఆ పని లేనివారి కోసం ఇప్పుడు కొన్ని నగర హోటళ్ళు చద్దన్నాన్ని మట్టి ముంతల్లో వడ్డిస్తున్నాయి; పాతకాలంలో మిగిలితేనే ఉండే ఆ తిండి కోసం, రాత్రిపూట ప్రత్యేకంగా అన్నం వండుతున్నారు.