మెరిసే ఇంజిన్ లైటు వెనక కథ

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నదే ఇక్కడ రాసి పెడుతున్నాం. డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్లు తీరిగ్గా చదువుకోండి.

పోయిన ఎండాకాలం షార్జాలో నా బండి మిస్సింగ్ కొట్టింది. సిగ్నల్ దగ్గర ఆగితే సీటు వణుకుతోంది. యాక్సిలరేటర్ తొక్కితే పికప్ లేదు. మీటర్లో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంది. అలాగే మెల్లగా సనాయియాలో ఒక గ్యారేజీకి తీసుకెళ్లా. స్కానర్ పెట్టి చూసి, "నాలుగు కాయిళ్లు, నాలుగు ప్లగ్గులు, నాలుగు ఇంజెక్టర్లు, అన్నీ మార్చాలి" అన్నారు. చెప్పిన లెక్క నా నెల జీతంలో సగం దాటింది. ఇంటికి పంపాల్సిన డబ్బు అది.

మా బిల్డింగ్‌లో ఉండే కాక ఒకప్పుడు కరీంనగర్‌లో అంబాసిడర్ టాక్సీ నడిపారు. సంగతి చెప్తే, "మిషన్ ఏ సిలిండర్ పనిచేస్తలేదో చెప్తది గానీ, ఏ సామాను పోయిందో చెప్పది బిడ్డా" అన్నారు. ఆ మాట ఎంత నిజమో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

పెట్రోల్ ఇంజిన్‌కి కావాల్సింది గాలి, పెట్రోల్, ఒత్తిడి, సరైన టైమ్‌కి నిప్పురవ్వ. వీటిలో ఏది తప్పినా ఆ సిలిండర్ మండదు. అదే మిస్‌ఫైర్. కార్లు పుట్టిన కొత్తలో అన్నిటికంటే పెద్ద తలనొప్పి నిప్పురవ్వే. 1902లో బాష్ కంపెనీ ఇంజినీరు గాట్‌లాబ్ హోనాల్డ్ హై వోల్టేజ్ మాగ్నెటో, దానికి తగిన స్పార్క్ ప్లగ్ తయారుచేశాడు. తర్వాత అమెరికాలో చార్లెస్ కెటరింగ్ బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో నడిచే పద్ధతి తెచ్చాడు. 1910 కాడిలాక్ కార్లలో వచ్చిన ఆ పద్ధతే, పైపై మార్పులతో, మన అంబాసిడర్ దాకా నడిచింది.

ఆ కాలంలో మిస్సింగ్ పట్టుకునేది చెవి. ఇంజిన్ ఆన్‌లో ఉండగానే మెకానిక్ ఒక్కో ప్లగ్ వైరు లాగి వినేవాడు. వైరు తీయగానే శబ్దం తగ్గి ఇంజిన్ ఊగితే, ఆ సిలిండర్ బాగున్నట్టు. తీసినా ఏ మార్పూ లేకపోతే, పనిచేయనిది అదే. తర్వాత ప్లగ్గు తీసి నలుపు చూడడం, పాయింట్లు గీకి ఫీలర్ గేజ్‌తో గ్యాప్ పెట్టడం. స్కానర్ లేదు, బిల్లూ తక్కువే.

మరి ఈ మెరిసే లైటు ఎక్కడిది? దీని కథ లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. 1943 జులైలో ఆ ఊరిని కళ్లు మండించే పొగమంచు కమ్మేసింది. యుద్ధ కాలం కదా, శత్రువు విషవాయువు వదిలాడని కొందరు భయపడ్డారు. 1950ల మొదట్లో ఆరీ హాగెన్ స్మిట్ అనే శాస్త్రవేత్త అసలు కారణం చూపించాడు. కార్ల పొగలోని మండని పెట్రోల్, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలి ఆ విషపు పొగగా మారుతున్నాయి. దాంతో చట్టాలొచ్చాయి. 1975 మోడళ్ల నుంచి అమెరికా కార్లలో చాలావాటికి సైలెన్సర్ పైపులో క్యాటలిటిక్ కన్వర్టర్ చేరింది. లోపల తేనెపట్టులాంటి జాలీ మీద ప్లాటినం లాంటి ఖరీదైన లోహాలు పూసి ఉంటాయి. పొగలోని విషాన్ని అదే విరుస్తుంది.

దానికి పెద్ద శత్రువు మిస్‌ఫైర్. సిలిండర్‌లో మండని పెట్రోల్ నేరుగా కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. ఆ వేడికి జాలీ కరిగిపోవచ్చు. అందుకే 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారులో ఓబీడీ 2 ఉండాల్సిందేనని రూల్ పెట్టారు. స్టీరింగ్ కింద కనిపించే 16 పిన్నుల సాకెట్ అదే. ఒక సిలిండర్ మండకపోతే క్రాంక్ షాఫ్ట్ వేగం ఆ క్షణంలో కొద్దిగా తగ్గుతుంది. కంప్యూటర్ ఆ తేడా పట్టుకుని కోడ్ రాసుకుంటుంది. పి 0301 అంటే ఒకటో సిలిండర్, పి 0304 అంటే నాలుగోది. పి 0300 అంటే ఫలానాది అని కాకుండా అక్కడక్కడా మిస్ అవుతోందని. లైటు నిలకడగా ఉంటే తొందరగా చూపించుకోవాలి. మెరుస్తూ ఉంటే కన్వర్టర్ పాడయ్యే స్థాయిలో మిస్సింగ్ ఉందని అర్థం. అప్పుడు బండి పక్కకి ఆపాలి. గ్యారేజీ దాకా నడిపి నేను చేసింది తప్పే.

ఊరి గాలి కోసం పుట్టిన లైటు ఇలా మన జేబు కూడా కాపాడుతోంది. కానీ చెవి చేసినట్టే, కోడ్ కూడా సిలిండర్ దాకే తీసుకెళ్తుంది. అక్కడి నుంచి పరీక్ష మనదే.

నా బండి కోడ్ పి 0303. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆఫ్‌లో ఉంచి, కాక మూడో సిలిండర్ కాయిల్ తీసి రెండోదానికి, రెండోది మూడోదానికి బిగించారు. కోడ్ చెరిపి కాసేపు స్టార్ట్ చేస్తే ఈసారి పి 0302 వచ్చింది. తప్పు కాయిల్‌తో పాటే జరిగింది, అంటే పోయింది ఆ ఒక్క కాయిలే. కోడ్ మూడులోనే ఉండిపోయుంటే, తర్వాత ప్లగ్గులు అలాగే మార్చి చూసేవాళ్లం. అదీ కాకపోతే అప్పుడు ఇంజెక్టర్, గాలి లీకేజీ, కంప్రెషన్.

ఒక్క కాయిల్ కొన్నాం, బండి నిమ్మళంగా నడిచింది. వైరు లాగి వినడమైనా, కాయిల్ మార్చి కోడ్ చూడడమైనా కాక లెక్క ఒకటే: ఒకసారి ఒక్కటే మార్చు, ఏం మారిందో చూడు. ఈసారి గ్యారేజీలో "అన్నీ మార్చాలి" అంటే, కోడ్ ఎంత అని అడగండి. అది ఏ పరీక్షతో తేల్చారో కూడా అడగండి.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. బండ్లు జాగ్రత్త, మీరు ఇంకా జాగ్రత్త.