ఠాణా దస్త్రం చూసే హక్కు ఎవరిది?

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంపాదకవర్గ మిత్రులు కోరారు. పుంగనూరు జమీందారుల గురించి, మదనపల్లె కళాశాల గురించి రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మధ్య కూర్చున్న గుమాస్తాను నేను. కాగితం చరిత్ర తప్ప వేరే చరిత్ర నాకు చేతకాదు. అందుచేత పోలీసు కాగితాలను ప్రజలు చూడవచ్చునా అనే విషయమై నడిచిన వ్యాజ్యాల సంగతి ఎంచుకున్నాను. ఇది మనకు సంబంధించినది కాదని ఎవరూ పేజీ తిప్పవద్దని మనవి. ఉద్యోగంలో చేరినప్పుడు మనం నింపి ఇచ్చిన అటెస్టేషన్ ఫారం పూర్వాపరాల విచారణకని పోలీసుల దగ్గరికి వెళ్లింది. అక్కడ ఏదో రాయించుకుని తిరిగి వచ్చింది. ఏం రాశారో మనలో చూసినవారెవరు?

రెవెన్యూ కాగితం సంగతి వేరు. అడంగల్ నకలు కావలసినవారు దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి తీసుకుపోయేవారు. 1872 నాటి సాక్ష్య చట్టం 74వ సెక్షను ప్రభుత్వాధికారుల చర్యలకు సంబంధించిన దస్త్రాలను పబ్లిక్ డాక్యుమెంట్లు అంది. 76వ సెక్షను, అటువంటి పత్రాన్ని చూసే హక్కు ఉన్న వ్యక్తికి రుసుము తీసుకుని ధ్రువీకరించిన నకలు ఇవ్వాలంది. గొడవంతా ఆ "చూసే హక్కు ఉన్న" అనే మాటల దగ్గరే వచ్చింది. పోలీసు అధికారి కూడా ప్రభుత్వాధికారే గదా, ఆయన రాసినది పబ్లిక్ డాక్యుమెంటు ఎందుకు కాదని వకీళ్లు అడిగారు.

ఈ ప్రశ్న 1897లో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి ముందుకు వచ్చింది. అప్పట్లో మన మదనపల్లె తాలూకా కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో గదా. కడప జిల్లా మద్రాసు రాజధానిలోనిది గనుక, అది మన తాతల మీద అమలైన తీర్పే. క్వీన్ ఎంప్రెస్ వర్సెస్ ఆర్ముగం అని ఆ కేసు పేరు. పోలీసు అధికారి దర్యాప్తు సందర్భంగా 157, 168 సెక్షన్ల కింద పంపే రిపోర్టులు పబ్లిక్ డాక్యుమెంట్లు కావనీ, విచారణకు ముందు వాటి నకళ్లు పొందే హక్కు ముద్దాయికి లేదనీ హైకోర్టు తేల్చింది. ముద్దాయికే లేని హక్కు ఊరివాళ్లకు ఎక్కడిది?

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత ఈ తలుపు కొంత తెరుచుకుంది. 1955 సవరణతో, కోర్టుకు పంపే పోలీసు రిపోర్టు, వాంగ్మూలాల నకళ్లు ముద్దాయికి ఉచితంగా ఇవ్వవలసి వచ్చింది. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, ఫిర్యాదు చేసినవారికి ఎఫ్.ఐ.ఆర్. నకలు అప్పటికప్పుడే ఉచితంగా ఇవ్వాలని 154వ సెక్షనులో చేర్చింది. దర్యాప్తు అధికారి రోజువారీ రాసుకునే కేసు డైరీని మాత్రం 172వ సెక్షను మూసే ఉంచింది. కోర్టు తెప్పించి చూడవచ్చు, ముద్దాయి అడగరాదు.

ఆ 172వ సెక్షనును బీహారు ప్రభుత్వం ఎలా వాడుకోబోయిందో చెప్పుకోవాలి. 1979, 80 సంవత్సరాల్లో భాగల్పూరులో పోలీసులు కొందరు నిందితుల కళ్లు పొడిచి యాసిడ్ పోశారని దేశమంతా గగ్గోలు పుట్టింది. సుప్రీంకోర్టు ఆ సంఘటనలపై పోలీసు ఉన్నతాధికారులు ఇచ్చిన రిపోర్టులు తెమ్మంటే, అవి దర్యాప్తు కాగితాలు, బయటపెట్టరాదని ప్రభుత్వం అడ్డం తిరిగింది. 1981లో ఖత్రీ కేసులో జస్టిస్ భగవతి ఆ వాదనను తోసిపుచ్చారు. 172వ సెక్షను అడ్డు ఆ నేరం విచారణలోనే వర్తిస్తుందనీ, ప్రాథమిక హక్కుల రిట్‌లో దాన్ని తెరగా కట్టుకోవడానికి వీల్లేదనీ తీర్పు చెప్పారు.

ఇంతవరకు చెప్పినవన్నీ నేరం జరిగాక రాసే కాగితాలు. స్టేషనులో మరో రకం దస్త్రం ఉంటుంది. నేరం చేయవచ్చునన్న అనుమానం మీద మనిషి పేర తెరిచేది. హిస్టరీ షీటు, రౌడీ షీటు అని మనం వినేవి అవే. మన పల్లెల్లో ఆగడం చేసేవాణ్ణి "వాడొక కేడీ" అంటాం. అది తెలుగు మాట కాదు. మద్రాసు పోలీసు రికార్డులోని నోన్ డెప్రెడేటర్ అనే శీర్షికకు పొడి అక్షరాలు కె.డి. దస్త్రం ఎవరికీ చూపకపోయినా దాని పేరు మాత్రం తిట్టుగా జనం నోట్లో పడింది!

ఈ దస్త్రం మీద నడిచిన పెద్ద వ్యాజ్యాల్లో రెండింట ఇద్దరు తెలుగు న్యాయమూర్తుల పేర్లు నిలిచాయి. మొదటిది ఖరక్ సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్‌లో 1941లో దోపిడీ కేసులో పట్టుబడి, సాక్ష్యం లేక విడుదలైన మనిషి ఆయన. అయినా ఆయన పేర హిస్టరీ షీటు తెరిచారు. రాత్రిపూట తలుపు తట్టి లేపేవారు. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆరుగురు సభ్యుల బెంచిలో అధిక సంఖ్యాకులు రాత్రి సోదాలు మాత్రమే చెల్లవని, మిగతా నిఘా చెల్లుతుందని అన్నారు. ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా గుంటూరులో కూర్చున్న మన కోకా సుబ్బారావు గారు జస్టిస్ షా గారితో కలిసి భిన్నాభిప్రాయం రాశారు. మనిషి వెనక నిత్యం పోలీసు నీడ తిరుగుతుంటే అతడు స్వేచ్ఛగా తిరుగుతున్నట్లు కాదని, ఆ నిబంధన మొత్తం చెల్లదని వారి వాదన. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల బెంచి పుట్టస్వామి కేసులో ఆయన పక్షమే సరియైనదని ఒప్పుకుంది. అప్పటికి సుబ్బారావు గారు పోయి నలభై ఏళ్లు దాటింది.

రెండవది మలక్ సింగ్ కేసు, 1980 డిసెంబరు 5 నాటి తీర్పు. రాసినది అనంతపురం జిల్లా గుత్తి ప్రాంతం వారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు. పంజాబులో నిఘా రిజిస్టరులోకి ఎక్కిన ఇద్దరు తమ పేర్లు తీసేయమని కోరారు. రెడ్డి గారు పౌర హక్కుల విషయంలో ఎంత గట్టివారో అందరికీ తెలుసు. అయినా ఈ కేసులో, ఆ రిజిస్టరు రహస్య పత్రమనీ, పేరెక్కిన మనిషికి గానీ ఇతరులకు గానీ దాన్ని చూసే హక్కు లేదనీ, పేరు రాసేముందు నోటీసు ఇవ్వనక్కర లేదనీ రాశారు. ఇచ్చి నిఘా పెడితే నిఘా ఏముంటుందన్నది తర్కం. అక్కడితో ఆగలేదు. ఇష్టం వచ్చినవారి పేర్లు ఎక్కించుకోవడానికి పోలీసులకు లైసెన్సు లేదన్నారు. నిఘా మనిషి పరువుకు, స్వేచ్ఛకు భంగం కలిగించేట్టు ఉండరాదనీ అన్నారు.

ఈ తీర్పులో రహస్యం ముక్క నాకు మింగుడుపడదు. మన సర్వీసులో సీ.ఆర్.లు ఉండేవి. అవీ రహస్య నివేదికలే. అయినా అందులో ప్రతికూల వ్యాఖ్య రాస్తే ఉద్యోగికి తెలియజేసి సంజాయిషీ తీసుకోవాలని కోర్టులు ఎప్పటినుంచో చెబుతున్నాయి. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు, వ్యాఖ్య మంచిదైనా సరే తెలపవలసిందే అంది. ప్రమోషను పోతుందంటే ఇంత జాగ్రత్త. ఏ జాతరొచ్చినా ఎన్నికలొచ్చినా స్టేషనుకు పిలిపించి కూర్చోబెట్టే షీటు విషయంలో మాత్రం, ఏ ఆధారంతో రాశారో తెలియకుండానే ఆధారం లేదని కోర్టుకెక్కాలి. నిఘా నడుస్తున్నన్నాళ్లూ దాచవలసి ఉంటే దాచవచ్చు. పదేళ్లు ఏ కేసూ లేని మనిషికి కూడా దాచడం ఎందుకు? ఒకటి రెండు కేసులున్నంత మాత్రాన మనిషిని అలవాటుపడిన నేరస్థుడనరాదని 1997లో అనంతపురం జిల్లా బ్రహ్మసముద్రం స్టేషను కేసులో మన హైకోర్టు చెప్పింది. అదైనా కోర్టుకు వెళ్లగలిగినవారికే.

చిన్నప్పరెడ్డి గారి మరో తీర్పు మన ఉద్యోగులు గుర్తుంచుకోదగ్గది. మధ్యప్రదేశ్‌లో ఒక మునిసిపల్ స్కూలును ప్రభుత్వం తీసుకున్నప్పుడు, పూర్వాపరాల విచారణ షరతుతో ఒక ఉపాధ్యాయుణ్ణి సర్వీసులోకి తీసుకున్నారు. ఆయన ఇదివరలో ఆర్.ఎస్.ఎస్., జనసంఘం కార్యక్రమాల్లో పాల్గొన్నాడని జిల్లా పోలీసు సూపరింటెండెంటు రిపోర్టు రాయగానే తొలగించారు. 1983లో ఆ తొలగింపు చెల్లదని తీర్పు వచ్చింది. రెడ్డి గారి సొంత భావాలు ఆ ఉపాధ్యాయుడి భావాలకు ఆమడ దూరం. అయినా, పోలీసు రిపోర్టు చూసి ఉద్యోగం తీసేయడానికి ఇది పోలీసు రాజ్యం కాదని ఆయన కోపంగానే రాశారు.

2005 అక్టోబరులో సమాచార హక్కు చట్టం వచ్చింది. మన రాష్ట్రంలో మండల స్థాయి కార్యాలయానికి 5 రూపాయల రుసుము. పోలీసులు మాత్రం దర్యాప్తుకు ఆటంకమనే 8(1)(హెచ్) నిబంధన చూపి దరఖాస్తులు తిప్పి పంపసాగారు. దర్యాప్తు నడుస్తోందన్న ఒక్క మాట చాలదు, ఆటంకం ఎలా కలుగుతుందో చెప్పాలని 2007లో భగత్ సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు అంది. 2010లో అదే హైకోర్టు ఎఫ్.ఐ.ఆర్.లు వెబ్‌సైటులో పెట్టమంది. ఆ తీర్పు ఇచ్చిన జస్టిస్ దీపక్ మిశ్రా గారే 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టులో యూత్ బార్ అసోసియేషన్ కేసులో దేశమంతటికీ ఆదేశించారు. 24 గంటల్లో పెట్టాలి, మారుమూల ప్రాంతాలైతే 72 గంటల వరకు గడువు. లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటి కేసులకు మినహాయింపు.

మా కురబలకోట మండలం వారికి పోలీసు స్టేషను ముదివేడులో ఉంది. అక్కడ ఈ ఉదయం నమోదైన ఎఫ్.ఐ.ఆర్.ను కువైట్‌లో ఉన్న కుర్రవాడు రేపు ఫోనులో చదవవచ్చు. అదే కేసు ఛార్జిషీటును మాత్రం చదవలేడు. ఛార్జిషీట్లు కూడా వెబ్‌సైటులో పెట్టమని వచ్చిన సౌరవ్ దాస్ కేసును 2023 జనవరి 20న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఛార్జిషీటు 74వ సెక్షను కింద పబ్లిక్ డాక్యుమెంటు కాదనీ, అందరికీ ఇస్తే ముద్దాయి, బాధితుల హక్కులకు భంగమనీ అంది. ఆర్ముగం కేసుకు 126 ఏళ్ల తర్వాత అదే సెక్షను, ఇంచుమించు అదే జవాబు! అయితే ఈసారి ముద్దాయి పరువు కూడా లెక్కలోకి వచ్చింది. ఆ కారణం తీసివేయదగ్గది కాదు. ఊరంతా ఛార్జిషీటు చదివి నిర్దోషిని దోషిని చేయడం మనం చూస్తున్నదే.

హిస్టరీ షీటు విషయం 2024 మే 7న ఢిల్లీ శాసనసభ్యుడొకరి కేసులో మళ్లీ వచ్చింది. అది పోలీసుల అంతర్గత పత్రమే, ప్రజలు చూసేది కాదని సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది. అయితే అందులో మైనరు పిల్లల వివరాలు ఊరికే రాయరాదంది. వెనుకబడిన కులాల, తెగల వారి పేర్లు యాంత్రికంగా ఎక్కించరాదనీ, పై అధికారి ఒకరు ఎప్పటికప్పుడు షీట్లు తనిఖీ చేయాలనీ, రాష్ట్రాలు తమ నిబంధనలను సవరించే విషయం ఆలోచించాలనీ సూచించింది.

దరఖాస్తులు రాసే సభ్యుల కోసం ఒక మాట. 2024 జులై 1 నుంచి సెక్షన్ల నంబర్లు మారాయి. ఫిర్యాదికి, బాధితుడికి ఎఫ్.ఐ.ఆర్. నకలు ఇచ్చేది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను. కేసు డైరీ 192, ముద్దాయికి నకళ్లు 230. సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో పబ్లిక్ డాక్యుమెంట్ల సెక్షను 74గానే ఉంది, నకళ్ల సెక్షను మాత్రం 76 పోయి 75 అయింది.