కూలిన శిఖరానికి మిగిలిన నకలు

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయమేదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినందున, నాకు చాలాకాలంగా ఇష్టమైన పాత శిలాముద్రణ చిత్రాలను గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఫోటో యంత్రం మన దేశంలో వాడుకలోకి రాకముందు, శిథిలాలయాల రూపురేఖలు దూరదేశాల వారికి తెలిసింది ఎక్కువగా అచ్చుచిత్రాల ద్వారానే. శిలాముద్రణ అంటే రాతి అచ్చు. 1796 ప్రాంతంలో బవేరియాలో సెనెఫెల్డర్ అనే ఆయన దీనిని కనిపెట్టాడు. నునుపు చేసిన సున్నపురాతి మీద జిడ్డు బలపంతో బొమ్మ గీస్తారు. రాతిని తడిపి సిరా పూస్తే, జిడ్డున్న చోటనే సిరా అంటుతుంది, తడి ఉన్నచోట అంటదు. పైన కాగితం పరిచి ఒత్తితే బొమ్మ దిగుతుంది. రాగిరేకు మీద చెక్కినట్లు చెక్కనక్కరలేదు.

ఇట్టి చిత్రాలలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది కోణార్క చిత్రం. జేమ్స్ ఫెర్గూసన్ అనే స్కాట్లండు దేశస్థుడు కలకత్తాలో నీలిమందు వ్యాపారి. వ్యాపారం చేసుకుంటూనే దేశమంతా తిరిగి ఆలయాలను చిత్రించాడు. దృశ్యాన్ని కాగితం మీద కనబడేట్లు చేసే కెమేరా లూసిడా అనే అద్దపు పరికరాన్ని వాడి, కొలత తప్పకుండా గీసేవాడు. 1837లో కోణార్క చేరాడు. అప్పటికే సూర్యదేవాలయ ప్రధాన శిఖరం చాలావరకు కూలి, ఒక మూల మాత్రం సుమారు 140 అడుగుల ఎత్తున నిలిచి ఉంది. దానిని ఆయన గీశాడు. ఆ చిత్రాలను డిబ్డిన్ అనే చిత్రకారుడు రాతికెక్కించగా, 1848లో లండన్‌లో గ్రంథంగా వెలువడ్డాయి. ఆ సంవత్సరమే అక్టోబరులో పెనుగాలికి ఆ మూల కాస్తా నేలకూలింది! అసలు పోయింది, నకలు మిగిలింది.

ఆ ఆలయం కట్టించిన మొదటి నరసింహదేవుడు (1238-1264) తూర్పు గాంగ వంశీయుడు. ఆ వంశం వారి పూర్వ రాజధాని కళింగనగరం నేటి శ్రీకాకుళం జిల్లా ముఖలింగమేనని చరిత్రకారులు గుర్తించారు. కనుక కోణార్క మనకు పరాయిది కాదు. అదీగాక, లండన్‌లో మూలపడి ఉన్న అమరావతి శిల్పాలను 1867లో వెలుగులోకి తెచ్చి, మరుసటి ఏడు గ్రంథం ప్రకటించిన వాడు కూడా ఈ ఫెర్గూసనే.

అయితే రికార్డు చూచిన వారికి ఒక సంగతి తెలుసు. నకలును మూలంతో సరిచూచిన తరువాతనే సంతకం పెడతాము. రాతి అచ్చుకు కూడా అంతే. అక్కడ గీసినవాడు ఒకడు, లండన్‌లో రాతికెక్కించినవాడు మరొకడు. ఆకాశంలో మబ్బులు, ముందర మనుషులు అందం కోసం చేరి ఉండవచ్చును. కావున కట్టడం వరకు సాక్ష్యంగా గ్రహించి, అలంకారాన్ని అలంకారంగానే చూడాలి.

నేటికీ మన ఊళ్లలో జీర్ణోద్ధరణ పేరిట పాత మండపాలు విప్పి సిమెంటుతో కడుతున్నారు. శాసనాల మీద సున్నమో రంగో పూస్తున్నారు. కొత్తది కట్టవద్దని నేననను. పాతది విప్పేముందు దాని రూపం ఎక్కడైనా నమోదు కావాలి గదా! ఒక వ్యాపారి తీరిక వేళల్లో చేసిన పని దేశానికి సాక్ష్యమైనప్పుడు, ముప్పది ఏండ్లు ఫైళ్లు వ్రాసిన మనకది అసాధ్యమా?

సభ్యులు తమ స్వగ్రామంలోని పాత గుడికి నాలుగు వైపులా ఫోటోలు తీయించి, కొలతలు, తేదీ, తీసినవారి పేరు వెనుక వ్రాసి, ఒక ప్రతి గ్రంథాలయంలోను, ఒక ప్రతి మన సంఘ కార్యాలయంలోను ఉంచవలసిందిగా ప్రార్థన. తేదీ మాత్రం మరువవద్దు. తేదీ లేని కాగితానికి విలువ ఎంతో మనకు వేరే చెప్పనక్కరలేదు.