నాణేల వాన

1993 ఏప్రిల్ 30 సాయంత్రం. రోమ్‌లోని రాఫెల్ హోటల్ ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. లోపలున్నది సోషలిస్టు నాయకుడు బెత్తీనో క్రాక్సీ. 1983 నుంచి నాలుగేళ్లపాటు ఇటలీ ప్రధాని. అవినీతి కేసుల్లో ఆయనపై చర్యకు మెజిస్ట్రేట్లు అనుమతి కోరితే, చాలా అభియోగాల విషయంలో పార్లమెంటు దిగువసభ ముందురోజే కాదు పొమ్మంది. క్రాక్సీ గుమ్మం దాటాడో లేదో, చిల్లర నాణేలు వడగళ్లలా మీద పడ్డాయి. కొందరు వెయ్యి లీరాల నోట్లు ఊపుతూ ఇవీ కావాలా అని పాట కట్టి వెక్కిరించారు.

ఈ కోపానికి నిప్పు రాజుకున్నది ఒక వృద్ధాశ్రమంలో.

మిలాన్‌లోని ఆ ఆశ్రమానికి పెద్ద మారియో కియేజా, క్రాక్సీ పార్టీ మనిషే. 14 కోట్ల లీరాల పారిశుద్ధ్యం కాంట్రాక్టులో పదో వంతు తనకివ్వాలన్నాడు. విసిగిపోయిన కాంట్రాక్టరు పోలీసుల్ని ఆశ్రయించాడు. 1992 ఫిబ్రవరి 17న తొలి వాయిదా 70 లక్షలు, ముందే గుర్తులు పెట్టిన నోట్లతో సహా, కియేజా చేతికి చేరగానే పట్టేశారు. లీరాల్లో వినడానికి ఘనంగా ఉంది గానీ, డాలర్లలో ఆరు వేలకు లోపే! వాడొక్కడే దొంగ అని క్రాక్సీ చేతులు దులుపుకున్నాడు. జైల్లో ఆ మాట విన్న కియేజా, ప్రాసిక్యూటర్ ఆంతోనియో ది పియెత్రో ముందు నోరు విప్పాడు. ఆ తర్వాత తీగ లాగితే డొంకంతా కదిలింది. మిలాన్ మెట్రో పనుల్లో కమీషన్లను పార్టీలు వాటాలు వేసుకున్న వైనమూ బయటపడింది. యుద్ధానంతరం ప్రతి ప్రభుత్వంలోనూ ఉన్న క్రిస్టియన్ డెమోక్రాట్ల పార్టీ 1994 జనవరికల్లా రద్దయిపోయింది.

నాయకుల మీది ఏవగింపు ఉత్తరాదిలో దేశం మీదికే మళ్లింది. మా పన్నులు రోమ్ దొంగలు మింగేస్తున్నారంటూ ఉంబెర్తో బొస్సీ నడిపిన లేగా పార్టీకి 1992 ఎన్నికల్లో దిగువసభలో 55 మంది ఎంపీలు దక్కారు. వారిలో ఒకతను 1993 మార్చిలో నిండు సభలో ఉరితాడు ఎత్తి చూపించాడు. 1996లో బొస్సీ వెనిస్‌లో ఏకంగా ‘పదానియా’ అనే వేరే దేశాన్నే ప్రకటించేశాడు; అది ఉత్తుత్తి ప్రకటనగానే మిగిలిపోయింది. అయితే ఈ పగులు కొత్తదేం కాదు. 1861లో ఏకమైన ఇటలీకి మొదటి రాజైన విక్టర్ ఇమ్మాన్యుయేల్, ఉత్తరాది పీడ్‌మాంట్‌కు రాజుగా ఉన్నప్పటి ‘రెండవ’ అనే అంకెనే అట్టిపెట్టుకున్నాడు. కొత్త దేశం పుట్టిందా, పాత రాజ్యమే పెరిగిందా అని దక్షిణాదివాళ్లు అనుమానపడితే తప్పు పట్టలేం. అప్పట్లో ఓటుహక్కు జనాభాలో రెండు శాతానికి మించి లేదు.

ఖాళీ అయిన గద్దె మీదికి వచ్చిందెవరు? టీవీ ఛానళ్ల అధిపతి సిల్వియో బెర్లుస్కోనీ. ఫుట్‌బాల్ మైదానంలో జాతీయ జట్టును ఉత్సాహపరిచే ‘ఫోర్జా ఇతాలియా’ కేకనే పార్టీ పేరు చేసుకుని, 1994 మార్చి ఎన్నికల్లో గెలిచాడు. దేశాభిమానం మైదానంలో మాత్రమే మిగిలిందని ఆయన బాగానే పసిగట్టాడు. తమాషా ఏమిటంటే, 1984లో న్యాయాధికారులు ఆయన ఛానళ్లను ఆపేస్తే ఆర్డినెన్సు తెచ్చి ఒడ్డున పడేసింది, 1990లో ఆయన పెళ్లికి సాక్షిగా నిలిచింది ఈ క్రాక్సీయే.

క్రాక్సీ 1994లో ట్యునీషియా చేరి, శిక్షలు తప్పించుకుని, 2000లో అక్కడే పోయాడు. రాజకీయాల మీది ఏవగింపు మాత్రం ఆయనతో పోలేదు: 1976లో ఇటలీ ఓటర్లలో 93 శాతం పోలింగ్ కేంద్రాలకు వెళ్లారు. 2022లో వెళ్లింది 64 శాతమే.