మెమరీ కార్డు (వీడియో చిత్రీకరణ)

మెమరీ కార్డు కెమెరాలో దృశ్యాన్నీ ధ్వనినీ అంకెల రూపంలో నిల్వచేసే చిన్న పలక. వాడుకలో దీన్నే చిప్పు అంటారు. ఫొటోలకు మామూలు కార్డుతో పని జరిగిపోతుంది. వీడియోలో డేటా ఆగకుండా వస్తూనే ఉంటుంది కాబట్టి, రాసుకోవడంలో కార్డు వెనకబడితే కెమెరా రికార్డింగ్‌ను మధ్యలోనే ఆపేస్తుంది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో పెళ్లి ముహూర్తం, మహానంది శివరాత్రి, అహోబిలం పారువేట ఉత్సవం వంటివి తప్పిపోతే మళ్లీ తీయడానికి వీలుండదు. అందువల్ల ఇక్కడి వీడియోగ్రాఫర్లకు కార్డు ఎంపిక కెమెరా ఎంపికంత ముఖ్యం.

తొలి దశ

ఫ్లాష్ మెమరీని తోషిబా ఇంజినీరు ఫుజియో మసువోకా 1980లలో రూపొందించారు. 1994లో శాన్‌డిస్క్ కాంపాక్ట్‌ఫ్లాష్, 1998లో సోనీ మెమరీ స్టిక్ వచ్చాయి. 1999లో మత్సుషితా (నేటి పానసోనిక్), శాన్‌డిస్క్, తోషిబా కలిసి ఎస్‌డీ కార్డును ప్రకటించాయి. పెళ్లి వీడియోలు మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం క్యాసెట్ల మీదే నడిచాయి.

2006–2016

వీడియోకు సంబంధించినంత వరకు ఇది అత్యంత ఫలవంతమైన దశాబ్దం. 2006లో ఎస్‌డీహెచ్‌సీ ప్రమాణంతో కార్డు పరిమితి 32 జీబీకి పెరిగింది. కనీస వేగాన్ని తెలిపే 2, 4, 6 తరగతులు దానితోనే మొదలయ్యాయి. 2008లో వచ్చిన కెనాన్ 5డీ మార్క్ 2 ఫొటో కెమెరాలోనే ఫుల్ హెచ్‌డీ వీడియో ఇచ్చి పెళ్లి చిత్రీకరణ తీరునే మార్చేసింది. అయితే అందులో ఒక ఫైలు 4 జీబీ దాటేది కాదు. దాదాపు 12 నిమిషాలకు రికార్డింగ్ ఆగిపోయేది, బటన్ మళ్లీ నొక్కాల్సి వచ్చేది. ముహూర్త సమయంలో అది పెద్ద చిక్కే. 2009 నాటి ఎస్‌డీఎక్స్‌సీ ప్రమాణం కార్డులో ఫైళ్లను అమర్చే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిని తెచ్చి ఆ 4 జీబీ అడ్డును తొలగించింది. కార్డు వేగాన్ని పెంచే ప్రమాణాలుగా 2010లో యూహెచ్‌ఎస్-1, 2011లో వెనకవైపు రెండో వరుస పిన్నులతో యూహెచ్‌ఎస్-2 వచ్చాయి. 2014లో పానసోనిక్ జీహెచ్4 మామూలు ఎస్‌డీ కార్డు మీదే 4కే వీడియో తీసి చూపింది.

2016లో ఎస్‌డీ అసోసియేషన్ ప్రకటించిన వీడియో స్పీడ్ క్లాస్ కొనేవారికి నిజంగా మేలు చేసింది. వీ30, వీ60, వీ90 గుర్తులు సెకనుకు 30, 60, 90 మెగాబైట్లకు తగ్గకుండా రాయగలమన్న హామీలు. కార్డు ముందు పెద్ద అక్షరాల్లో ఉండే అంకె సాధారణంగా చదివే వేగానిది, అదీ గరిష్ఠం. ఏ1, ఏ2 గుర్తులు ఫోన్ యాప్‌ల కోసం పెట్టినవి, వాటిని చూసి వీడియో కార్డు కొనకూడదు.

లెక్క

కెమెరాలు డేటా వేగాన్ని మెగాబిట్లలో చెబుతాయి, కార్డులు మెగాబైట్లలో. మెగాబిట్లను 8తో భాగించాలి. 100 మెగాబిట్ల 4కే వీడియోకు సెకనుకు 12.5 మెగాబైట్లే కావాలి, కాబట్టి వీ30 కార్డు ధారాళంగా చాలుతుంది. 400 మెగాబిట్ల రికార్డింగ్‌కు 50 మెగాబైట్లు కావాలి, వీ60కి తగ్గితే కుదరదు. 128 జీబీ కార్డులో మొదటి రకం సుమారు 2 గంటల 50 నిమిషాలు పడుతుంది, రెండోది 42 నిమిషాలే.

ఈ ప్రాంతపు చిత్రీకరణలో

అహోబిలం పారువేట కనుమ నాడు మొదలవుతుంది. స్వామి పల్లకి సుమారు నలభై రోజుల పాటు ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతుంది. పల్లకి చుట్టూ జనం, వెనక నల్లమల ఆకులు, రాత్రి తక్కువ వెలుతురులో తెరమీద పుట్టే గరుకు, ఇవన్నీ డేటాను పెంచుతాయి. డేటా వేగం మారుతూ ఉండే కెమెరాల్లో ఇలాంటి దృశ్యాల దగ్గరే నాసిరకం కార్డు చేతులెత్తేస్తుంది. అందుకే సగటు వేగానికి కాక గరిష్ఠ వేగానికి సరిపడే కార్డును ఎంచుకోవాలి. ఒకే పెద్ద కార్డును నమ్ముకోవడం కన్నా రెండు స్లాట్ల కెమెరాలో రెండింటి మీదా ఒకేసారి రాయించడం మేలు.

ఆళ్లగడ్డ శిల్పశాలల్లో ఉలి దెబ్బకు లేచే సన్నని రాతిపొడి కార్డు పిన్నుల మీద చేరితే కెమెరా కార్డును గుర్తించక మొరాయించవచ్చు. చిత్రీకరణ చోట స్లాటు మూత తెరవకుండా, ఆ పూటకు సరిపోయే సామర్థ్యం ఉన్న కార్డును ముందే పెట్టుకోవడం మంచి పద్ధతి.

నకిలీ కార్డులు

కొన్ని నకిలీ కార్డుల్లో అసలు మెమరీ తక్కువే ఉన్నా, కెమెరాకు మాత్రం 128 జీబీ అని చూపేలా మారుస్తారు. ఉన్న చోటు నిండాక పాత దృశ్యాలు చెరిగిపోతాయి, లేదా కొత్తవి దక్కవు. కొన్న రోజే కంప్యూటర్‌లో కార్డును పూర్తిగా నింపి తిరిగి చదివించే పరీక్ష చేస్తే మోసం బయటపడుతుంది. పరీక్ష నెగ్గిన కార్డును వాడబోయే కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి.

తర్వాతి కాలం

8కే వీడియో, ముడి వీడియో కోసం సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ కార్డులు వాడుకలోకి వచ్చాయి. 2020 నాటి సోనీ ఏ7ఎస్ 3 స్లాట్లలో వీటిలో ఒక రకమూ, ఎస్‌డీ కార్డూ రెండూ పడతాయి.