మాక్రో కటకం

మాక్రో కటకం (మాక్రో లెన్సు) అనగా చిన్న వస్తువులను అతి దగ్గరనుండి, స్పష్టంగా, పెద్దవిగా చిత్రించడానికి రూపొందించిన ఛాయాగ్రహణ కటకం. వస్తువు అసలు పరిమాణమెంతో అంతే పరిమాణం గల ప్రతిబింబాన్ని ఫిల్ముపై లేదా సెన్సరుపై ఏర్పరచగల కటకాన్ని సాధారణంగా ఈ పేరుతో పిలుస్తారు. కీటకాలు, పుష్పాలు, నాణేలు, ఆభరణాలతో పాటు వంటకాల చిత్రణకు, వస్తువుల ఉపరితలాలలో కనిపించే నైరూప్య ఆకృతుల చిత్రణకు కూడా దీనిని వాడతారు. అయితే ఈ చివరి రెండింటి అవసరాలు ఒకటి కావు. వంటకాల చిత్రణలో 1:1 ఆవర్ధనం అరుదుగా మాత్రమే అవసరమవుతుంది. నైరూప్య చిత్రణ తరచు అక్కడే మొదలవుతుంది. రెండింటికీ ఒకే కటకాన్ని కొనదలచినవారు ముందుగా గమనించవలసిన విషయం ఇదే.

చరిత్ర

35 మి.మీ. ఎస్.ఎల్.ఆర్. కెమెరాల కొరకు వచ్చిన తొలి మాక్రో కటకంగా 1955 నాటి కిల్‌ఫిట్ మాక్రో-కిలార్ 40 మి.మీ. ప్రసిద్ధి చెందింది. 1956లో నికాన్ సంస్థ 5 సెం.మీ. మైక్రో-నిక్కోర్ కటకాన్ని విడుదల చేసింది. జపనీయ లిపిలోని క్లిష్టమైన అక్షరాలను మైక్రోఫిల్ముపై స్పష్టంగా నమోదు చేయడం దీని ముఖ్యోద్దేశం. నేటికీ ఆ సంస్థ తన మాక్రో కటకాలను "మైక్రో" అనే పిలుస్తున్నది. 1999లో కానన్ సంస్థ విడుదల చేసిన ఎంపీ-ఈ 65 మి.మీ. కటకం 1:1 నుండి 5:1 వరకు ఆవర్ధనాన్ని ఇస్తుంది. దానితో దూరపు వస్తువులను చిత్రించడం సాధ్యపడదు.

ఆవర్ధనం

ప్రతిబింబపు పరిమాణానికి, వస్తువు పరిమాణానికి గల నిష్పత్తిని ఆవర్ధనం అంటారు. 2 మి.మీ. వ్యాసం గల ఆవగింజను 1:1లో చిత్రిస్తే సెన్సరుపై దాని ప్రతిబింబం కూడా 2 మి.మీ. ఉంటుంది. 1:2లో 1 మి.మీ. మాత్రమే ఉంటుంది. పూర్తి ఫ్రేము కెమెరాలో సెన్సరు కొలత 36×24 మి.మీ. కనుక 1:1 వద్ద అంతే వైశాల్యం గల దృశ్యం చిత్రంలో నిండుతుంది. ఏపీఎస్-సి సెన్సరు ఇంతకంటే చిన్నది కావడంతో అదే ఆవర్ధనం వద్ద ఇంకా చిన్న భాగమే చిత్రంలో నిండుతుంది. పలు జూమ్ కటకాలపై "మాక్రో" అన్న పదం ముద్రించి ఉన్నా వాటి గరిష్ఠ ఆవర్ధనం 1:3 లేదా 1:4 మాత్రమే ఉండవచ్చు. అందుచేత పేరును కాక నిష్పత్తిని చూడాలి.

నాభ్యంతరం, పని దూరం

కటకపు వివరాలలో ఇచ్చే కనిష్ఠ ఫోకస్ దూరాన్ని సెన్సరు నుండి కొలుస్తారు. కటకపు ముందు అంచు నుండి వస్తువు వరకు మిగిలే ఖాళీని పని దూరం అంటారు. నికాన్ 60 మి.మీ. ఎఫ్/2.8జి (2008) కనిష్ఠ దూరం 18.5 సెం.మీ. కాగా, 1:1 వద్ద మిగిలే పని దూరం సుమారు 5 సెం.మీ. మాత్రమే. ఇంత దగ్గరలో కటకపు నీడ వస్తువుపై పడుతుంది. వేడి పదార్థపు ఆవిరి గాజుపై పేరుకుంటుంది. అదే సంస్థ 105 మి.మీ. కటకంలో (2006) పని దూరం సుమారు 15 సెం.మీ. ఉంటుంది.

* 40–60 మి.మీ.: తేలికైనవి, ధర తక్కువ. బల్లపై ఉన్న పళ్ళేలను పైనుండి చిత్రించడానికి అనువైనవి.
* 90–105 మి.మీ.: పక్కనుండి తీసే వంటకాల చిత్రాలకు, దగ్గరి వివరాలకు రెండింటికీ పనికివస్తాయి.
* 150–200 మి.మీ.: బరువు, ధర ఎక్కువ. దగ్గరకు రానివ్వని కీటకాలకు ఎక్కువగా వాడతారు.

వంటకాల చిత్రణ

30 సెం.మీ. పళ్ళెం 24 మి.మీ. ఎత్తు గల ఫ్రేములో పట్టాలంటే కావలసిన ఆవర్ధనం 1:12.5 మాత్రమే. దీనికి 50 మి.మీ. కటకాన్ని పళ్ళేనికి సుమారు 68 సెం.మీ. దూరంలోను, 100 మి.మీ. కటకాన్ని సుమారు 1.35 మీటర్ల దూరంలోను ఉంచాలి. బల్ల ఎత్తు 75 సెం.మీ. అయితే రెండవ సందర్భంలో కటకం నేలనుండి 2.1 మీటర్ల ఎత్తున ఉండాలి. అంటే చిత్రకారునికి నిచ్చెన అవసరం. ఏపీఎస్-సి కెమెరాలో ఈ దూరం మరింత పెరుగుతుంది. చిన్న గదిలో పనిచేసేవారు 100 మి.మీ. కటకం కొని, పైనుండి తీసే చిత్రాలకు అది పనికిరాక మరొక కటకం కొనవలసి రావడానికి కారణం ఇదే.

పక్కనుండి లేదా 45 డిగ్రీల కోణంలో తీసేటపుడు పరిస్థితి వేరు. నాభ్యంతరం ఎక్కువైన కొద్దీ అదే పరిమాణపు చిత్రాన్ని దూరంగా నిలబడి తీయవచ్చు. దానివల్ల పళ్ళెం ముందు అంచు అసహజంగా పెద్దదిగా కనిపించదు. వెనుక కనిపించే భాగం కూడా తగ్గుతుంది.

నైరూప్య చిత్రణ

వస్తువును గుర్తింపజేయడం కాక దాని రేఖలను, వంపులను, వెలుగునీడలను మాత్రమే చూపడం నైరూప్య చిత్రణ లక్షణం. ఉల్లిపొర, నూనె బిందువులు, ఎండుమిరప ముడతలు వంటి వంటింటి వస్తువులే ఇందుకు చాలు. అమెరికా ఛాయాచిత్రకారుడు ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో తీసిన "పెప్పర్ నం. 30" ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఒక బుట్టమిరపకాయను తగరపు గరాటులో ఉంచి 8×10 అంగుళాల కెమెరాతో ఆయన దీనిని తీశారు. కాయ అంతటా స్పష్టత రావడానికి అతి చిన్న రంధ్రాన్ని వాడినందున ఎక్స్‌పోజరు గంటల తరబడి సాగింది. దగ్గరి చిత్రణలో స్పష్టతకు, వెలుగుకు మధ్య గల ఈ వైరుధ్యం నేటికీ తొలగలేదు.

స్పష్టతా లోతు

ఆవర్ధనం పెరిగేకొద్దీ చిత్రంలో స్పష్టంగా కనిపించే లోతు వేగంగా తగ్గుతుంది. పూర్తి ఫ్రేము కెమెరాలో ఎఫ్/8 వద్ద ఇది 1:10లో సుమారు 5 సెం.మీ., 1:4లో సుమారు 1 సెం.మీ., 1:1లో సుమారు 1 మి.మీ. మాత్రమే. రంధ్రాన్ని ఎఫ్/16కు తగ్గిస్తే 1:1 వద్ద సుమారు 2 మి.మీ. లభిస్తుంది. కానీ ఆ ఆవర్ధనం వద్ద ఎఫ్/16 ఫలితంలో దాదాపు ఎఫ్/32తో సమానం కనుక వివర్తనం వల్ల చిత్రమంతా కొంత మసకబారుతుంది. దీనికి రెండు పరిష్కారాలు ఉన్నాయి. కదలని వస్తువులకు వేర్వేరు ఫోకస్ స్థానాలలో పలు చిత్రాలు తీసి కంప్యూటరులో కలపడం మొదటిది. కటకాన్ని వంచి స్పష్టతా తలాన్ని వస్తువు వాలుకు అనుగుణంగా మార్చే టిల్ట్ కటకాలు రెండవది. కానన్ టీఎస్-ఈ 90 మి.మీ. మాక్రో (2017) ఈ కోవకు చెందినదే.

ప్రత్యామ్నాయాలు

మాక్రో కటకం కొనకుండానే దగ్గరి చిత్రణను ప్రయత్నించవచ్చు. కెమెరాకు, కటకానికి మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ గొట్టాలలో గాజు ఉండదు కనుక అవి చవక. అనంత దూరానికి ఫోకస్ చేసిన 50 మి.మీ. కటకానికి 25 మి.మీ. గొట్టం చేర్చితే 1:2 ఆవర్ధనం లభిస్తుంది. కటకం ముందు బిగించే క్లోజప్ ఫిల్టర్లు మరొక మార్గం. చవకబారు ఫిల్టర్లతో అంచులలో స్పష్టత తగ్గుతుంది.

ఎంపిక

పళ్ళేలను ఎక్కువగా పైనుండి చిత్రించేవారికి 50–60 మి.మీ., పక్కనుండి తీస్తూ నైరూప్య చిత్రణ కూడా చేసేవారికి 90–105 మి.మీ. కటకం తగినది. ట్రైపాడ్ వాడేవారికి కటకంలోని కంపన నిరోధకం అంతగా అవసరం లేదు. మసక వెలుతురులో కెమెరాను చేత పట్టుకొని తీసేవారికి అది ఉపయోగకరం. కేవలం వంటకాలనే చిత్రించేవారికి 1:2 లేదా 1:3 ఆవర్ధనం గల కటకం సాధారణంగా సరిపోతుంది. మిగిలిన సొమ్మును ట్రైపాడ్, దీపాల వంటి పరికరాలకు వినియోగించవచ్చు.

ఇవి కూడా చూడండి

* ఛాయాచిత్రకళ
* కటకం
* నాభ్యంతరం
* వివర్తనం