పెదబయలు సీమ భూస్వత్వము: కౌలు, దానము, మరణశాసనము

స్థిరాస్తి యొకని చేతినుండి వేఱొకని చేతికిఁ బోవుటకుఁ దెలుఁగునాఁట వాడుకలో నున్న మార్గము లాఱు: తాకట్టు, కౌలు, క్రయము, దానము, మార్పిడి, వీలునామా. మైదానసీమలందు సొంత భూమిగల గృహస్థుఁడు వీనిలో దేనినైన నవలంబింపవచ్చును. తూర్పుకనుమలమీఁది పెదబయలు మొదలగు మన్యసీమలలో నట్లు గాదు. అచ్చట మొదటి యైదింటికిని శాసనము కట్టు వేసినది. ఆఱవదానిని శాసనలక్షణమునుండియే తొలఁగించినది. ఆ తొలఁగింపు వీలునామాకు అనుమతియా? లేక దాని విషయమున శాసనము మౌనము వహించుటయా? మన్యభూమి మన్యవాసుల చేత నిలుచుటయో, జాఱిపోవుటయో యీ ప్రశ్నకుఁ జెప్పు సమాధానముపై నాధారపడి యున్నది. కావున నా శాసనముల చరిత్రయు, వాని శబ్దార్థమును విచారణీయములు.

పెదబయలు పాడేరునకు ఉత్తరమున నున్న గ్రామము. కొండల నడుమ విశాలమైన సమస్థలమునకుఁ దగిన పేరే దానికిఁ గలిగినది. 1985లో మండల వ్యవస్థ వచ్చినప్పు డిది మండలకేంద్ర మయ్యెను. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలోఁ జేరినది. భగతులు, కొండదొరలు, కోదులు, పోర్జలు, వాల్మీకులు మున్నగువా రిచ్చటి నివాసులు. పల్లపు మడులలో వరియు, మెట్టలందును పోడులందును చోడి, సామ, వలిసె, పసుపు మొదలగునవియు వీరి పంటలు. పాడేరు ప్రాంతపుఁ గొండలు పూర్వము మాడుగుల జమీందారీలోనివి. కొండలు ముఠాలుగా విభజింపఁబడి, యొక్కొక్క ముఠాకు ముఠాదారుఁ డుండెడివాఁడు. అతఁడు శిస్తు వసూలుచేసి, తన యెల్లలలో శాంతిని గాపాడవలసినవాఁడు. ఊరిభూమి యే కుటుంబము దున్నునో యా కుటుంబము దని యెల్లరు నెఱుఁగుదురు, పోడుకొండ యూరందఱిది. దస్తావేజు లేదు, ఊరివారి యెఱుకయే దస్తావేజు.

ఈ స్థితి ధర్మశాస్త్రమునకు దూరమైనది కాదు. విజ్ఞానేశ్వరుని మితాక్షరయందు భూమి యన్యునకుఁ బోవుటకు ఆఱు సాధనములు చెప్పఁబడినవి: గ్రామస్థులయు, జ్ఞాతులయు, పొరుగువారియు, దాయాదులయు అనుమతులు నాలుగు, హిరణ్యము, ఉదకము ననునవి రెండు. భూమిని నేరుగా విక్రయించుట నిషిద్ధము గావున, విక్రయమును సయితము బంగారమును, నీటిని ధారవోసి దానరూపమునఁ జేయవలయు నని యచ్చటి సమన్వయము. 13వ శతాబ్దిలోఁ గేతన యా గ్రంథమును విజ్ఞానేశ్వరీయ మను పేరఁ దెనిఁగించుటచే నీ న్యాయము దెలుఁగువారికిఁ జిరపరిచితము. నారదస్మృతి దత్తాప్రదానిక ప్రకరణమున ఈయరాని వస్తువుల నెనిమిదింటిని బేర్కొన్నది. అందు సాధారణధన మొకటి, అనఁగా బలువురకు ఉమ్మడియైనది. సంతాన ముండఁగా సర్వస్వము మఱియొకటి. భయముచేతను, మత్తుచేతను ఇచ్చినదానిని ఇయ్యనిదానిఁగానే యా స్మృతి యెంచినది. సంతలో సారా త్రాగించి వ్రేలిముద్ర వేయించుకొన్న పత్రమున కీ లక్షణము ఎంత చక్కఁగా వర్తించునో వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

స్మృతులలో దానము గలదు కాని, మరణానంతరము ఫలించు వీలునామా లేదు. అది తెలుఁగుదేశమునకుఁ దడవుగా వచ్చిన యాచారము. 1829లో మద్రాసు ప్రభుత్వము చేసిన యైదవ రెగ్యులేషను హిందువుల వీలునామాలు హిందూధర్మశాస్త్రమునకు లోఁబడినంతవఱకే చెల్లునని నిర్ణయించెను. పిదప న్యాయస్థానముల తీర్పులచేతను, 1870 నాఁటి హిందూ వీలునామాల శాసనముచేతను దానికి బలము చేకూఱెను. 1899లో పిఠాపుర సంస్థానపు వ్యాజ్యమునందు, అవిభాజ్యమైన జమీందారీని సయితము వీలునామాచే నొసఁగవచ్చునని ప్రీవీకౌన్సిలు తీర్పు చెప్పెను. దాని ఫలముగా జమీందారీలు చీలిపోవు నను భయము పుట్టి, 1904లో మద్రాసు ప్రభుత్వ మవిభాజ్య సంస్థానముల శాసనమును జేసి యా స్వాతంత్ర్యమునకుఁ గళ్లెము వేసెను. గొప్ప సంస్థానముల కుండిన రక్షణ మిట్టిది. చోడి పండించు కొండరైతు భూమికి రక్షణ వేఱు మార్గమున వచ్చెను.

గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండసీమలలోఁ గలిగిన యలజడుల పిమ్మట 1839లో 24వ శాసన మేర్పడెను. దానిచే నా సీమలు సాధారణ న్యాయస్థానముల యధికారమునుండి తొలఁగి, గవర్నరుని యేజెంటుగా నుండు కలెక్టరు క్రిందికి వచ్చెను. 1874లో షెడ్యూల్డు జిల్లాల శాసన మీ ప్రత్యేకతను నిలిపెను. కాని యధికారి మాఱినంతమాత్రమున అప్పు మాఱలేదు. మైదానమునుండి వచ్చిన వర్తకులు ఉప్పు, బట్ట, ధాన్యము నప్పిచ్చి, పసుపును వలిసెలను దక్కువ ధరకుఁ గొని, తీఱని బాకీక్రింద భూమిని వ్రాయించుకొనుచుండిరి. భూమి లేనివాఁడు గొత్తి యను పేర ఋణదాస్యమునఁ జిక్కెడివాఁడు. ఆ దాస్యమును మాన్పుటకు 1940లో వేఱొక రెగ్యులేషను వలసివచ్చెను.

భూమి విషయమున మొదటి గట్టి కట్టు 1917 నాఁటి యేజెన్సీప్రాంతముల వడ్డీ, భూబదలాయింపు శాసనము. కొండజాతివాఁడు చెల్లింపవలసిన వడ్డి యేఁటికి నూటికి ఇరువదినాలుగు రూపాయలకు మించరాదు, చక్రవడ్డి కూడదు, మొత్తము వడ్డి యసలును మించరాదు. ఈ మూఁడు నియమములును ధర్మశాస్త్రమున కపూర్వములు కావు. ఏఁటికి ఇరువదినాలుగనఁగా నెలకు రెండు. మనువు చెప్పిన ద్వికశత మదియే. అసలు వడ్డియుఁ గలసి రెట్టింపును దాఁటరా దనుట ద్వైగుణ్యన్యాయము. ఒక్క భేదము మాత్రము గమనింపఁదగినది. అడవిదారులలో వర్తకముచేయువారు నెలకు నూటికిఁ బది చొప్పున వడ్డి యీయవలయునని యాజ్ఞవల్క్యుఁడు విధించెను. అపాయము హెచ్చు గనుక వడ్డియు హెచ్చు. 1917 నాఁటి శాసన మడవిలో వర్తకము చేయువానిఁ గాక, యడవిలో నివసించువానిని దలఁచుకొన్నది. కనుకనే వడ్డిని దగ్గించినది.

భూమినిగుఱించి యా శాసనము చెప్పిన దిది: కొండజాతివాఁడు చేసిన బదలాయింపు మఱియొక కొండజాతివానికిఁ గాని, ఏజెంటుయొక్కయో, నియుక్తాధికారియొక్కయో పూర్వానుమతి వ్రాఁతమూలకముగాఁ బొంది కాని చేసినచో దప్ప, చెల్లదు. 1959లో నాంధ్రప్రదేశ షెడ్యూల్డు ప్రాంతముల భూబదలాయింపు రెగ్యులేషను దీని స్థానమున వచ్చి, 1963లో దెలంగాణమునందలి షెడ్యూల్డు ప్రాంతములకును విస్తరించెను. అందును గట్టు మొదట దాతకే. 1970లో వచ్చిన సవరణ దీనిని మౌలికముగ మార్చెను. ఇచ్చువాఁడు షెడ్యూల్డు తెగవాఁ డైనను గాకున్నను, పుచ్చుకొనువాఁడు షెడ్యూల్డు తెగవాఁడో, కేవలము షెడ్యూల్డు తెగల సభ్యులతోఁ గూడిన సహకారసంఘమో కానియెడల నా బదలాయింపు చెల్లదు.

ఈ మార్పును వ్యాకరణపరిభాషలోఁ జెప్పిన సుబోధ మగును. దానక్రియకుఁ గర్త యిచ్చువాఁడు. ఆ కర్మచే నెవ్వని నుద్దేశించునో వాఁడు సంప్రదానము. 1917 శాసనము కర్తకు విశేషణము చేర్చి, కర్త కొండజాతివాఁ డైనప్పుడే నిషేధమును బ్రవర్తింపఁజేసెను. కర్త యన్యుఁ డైనచో నిషేధము లేదు. కనుక నొకసారి యన్యుని చేతఁ బడిన భూమి యన్యులలోనే తిరుగుచుండెను. 1970 సవరణ కర్తృవిశేషణమును దీసివేసి, సంప్రదానమునకు మాత్రమే విశేషణము నిలిపెను. దానిచేఁ బోయిన భూమికిఁ దిరిగివచ్చు దారి తప్ప వేఱు దారి లేకుండఁ బోయెను. అంతేగాక, యీ ప్రాంతమున నన్యుని స్వాధీనములో నున్న భూమి షెడ్యూల్డు తెగవాని బదలాయింపువలననే వచ్చిన దని, విరుద్ధము ఋజువగువఱకు భావింపవలయు నని యూహయొకటి చేర్పఁబడెను. ఋజువుభారము పత్రము లేని రైతునుండి స్వాధీనము గలవానిపైకి మాఱెను. 1978లో శాసనవిరుద్ధముగ భూమి సంపాదించినవానికిఁ గారాగారమును జుల్మానాయు నేర్పడెను. 1988లో సుప్రీముకోర్టు ఈ సవరణల చెల్లుబాటును సమర్థించెను.

'వ్యక్తి' శబ్దమున ప్రభుత్వము చేరునా యను ప్రశ్న పిదప బుట్టెను. అనంతగిరి మండలములోని బొఱ్ఱాప్రాంతమున గనులకొఱకుఁ బ్రభుత్వ మన్యులకుఁ గౌలు లిచ్చుటను సమతా యను సంస్థ ప్రశ్నించెను. 1997 జూలై 11వ తేదీన ముగ్గురు న్యాయమూర్తులలో నిరువురు, ప్రభుత్వమును వ్యక్తిశబ్దార్థమేనని, యది యన్యునకుఁ గౌలిచ్చుటయుఁ జెల్లదని తీర్పు చెప్పిరి. ఒకరు భిన్నాభిప్రాయము వ్రాసిరి. ఒక్క శబ్దముయొక్క వ్యాప్తి కొండల యదృష్టమును మార్చుట కింతకంటె నిదర్శనము వేఱొకటి యేల?

ఇఁక బదలాయింపు శబ్దమునకు 1959 రెగ్యులేషను చేసిన లక్షణము చూడవలయు. స్వాధీనముతోఁ గాని, స్వాధీనము లేక కాని తాకట్టు, కౌలు, క్రయము, దానము, మార్పిడి, వీలునామా కాని తదితర వ్యవహారము. వానికి సంబంధించిన భారములును, ఒడంబడికలును. కౌలు పేర్కొనఁబడినది గావున సంతయొద్ద నంగడిస్థలము నన్యునకుఁ గౌలిచ్చుటయు లక్షణమున కెక్కును. దానము పేర్కొనఁబడినది గావునఁ బుణ్యకార్యము మినహాయింపు గాదు. పెదబయలు రైతు సత్రమునకో, గుడికో, పాఠశాలకో భూమి నీయఁదలఁచినను, పుచ్చుకొను ధర్మసంస్థ పైఁ జెప్పిన రెండు తెగల గ్రహీతలలో నొకటి కానిచో నా దానము నిలువదు. ఇది ధర్మమునకు విఘ్న మని తోఁపవచ్చును. కాని పుణ్యమను పేరు పత్రముపై వ్రాయుట సులభము. ఉమ్మడిభూమి యీయరాని దని నారదుఁడు చెప్పినప్పుడును గ్రహీత పవిత్రతను విచారింపలేదు, వస్తుస్వభావమునే విచారించెను. అప్పునకుఁ దాకట్టు లేక రైతు చిక్కు పడు నను నాక్షేపమునకు 1971 సవరణ కొంత సమాధానము: సహకారసంఘములకును, బ్యాంకులకును స్వాధీనము లేని తాకట్టు పెట్టవచ్చును.

మిగిలినది వీలునామా. 'వీలునామా కాని వ్యవహార' మనునప్పుడు నఞర్థము క్రియతో నన్వయింపలేదు, నామముతో నన్వయించినది. కావున నిది పర్యుదాసమే కాని ప్రసజ్యప్రతిషేధము గాదు. 'అబ్రాహ్మణునిఁ దెమ్ము' అన్నచో బ్రాహ్మణభిన్నుఁ డైన మనుష్యుఁడు తేఁబడునే కాని, బ్రాహ్మణునిగుఱించి విధియుఁ గాని నిషేధముఁ గాని యందు లేదు. అట్లే యీ వాక్యము వీలునామాను లక్షణపరిధినుండి వెలిపుచ్చినదే కాని, వీలునామా చెల్లునని విధింపలేదు. చెల్లుబాటును వేఱుచోట వెదకవలయును. 1956 నాఁటి హిందూవారసత్వ శాసనము, కేంద్రప్రభుత్వము వేఱుగఁ బ్రకటించిననే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తింపదు. అప్పుడు శరణ్యము కులాచారము. ఆచారమున భూమి యన్నదమ్ములది, వంశముది. తనది కాని భాగమును మరణశాసనమున వ్రాయుట కెవ్వనికి నధికారము?

మఱియు వీలునామా వ్రాసినవాఁడు బ్రదికియున్నంతకాలము ఫలింపదు. వ్రాసినవాఁ డెప్పుడైనను రద్దుచేయవచ్చును. కనుక వ్రాసిననాఁడే సొమ్ము చేతులు మాఱి, భూమి యన్యుని స్వాధీన మైనచో నది పేరునకు వీలునామా, పనికి విక్రయము. అట్టిది 'తదితర వ్యవహార' మను పదమునఁ జిక్కక తప్పదు. స్వాధీనము గలవానిపై నుంచిన యూహయు నచ్చట నుపకరించును.

ఇతరదేశశాసనములతోఁ బోల్చిన నీ లోపము స్పష్ట మగును. ఛోటానాగపురపు 1908 నాఁటి కౌలుదారీ శాసనము 46వ సెక్షనునందు, షెడ్యూల్డు తెగ రైతు డిప్యూటీ కమిషనరు పూర్వానుమతితోఁ దన భూమి నదే పోలీసుస్టేషను పరిధిలోని స్వజనునకుఁ గ్రయ, వినిమయ, దానములచేతను, వీలునామాచేతను ఈయవచ్చునని యున్నది. అచ్చట వీలునామా పేరెత్తి చెప్పఁబడినది. 1948 నాఁటి బొంబాయి కౌలుదారీ శాసనమున దాని పేరు లేకున్నను, కృషీవలుఁడు కానివానికి భూమిని వీలునామాచే నిచ్చుటయు శాసనోద్దేశమునకు విరుద్ధమే యని 2020లో గుజరాతు వ్యాజ్యమున సుప్రీముకోర్టు నిర్ణయించెను. తెలుఁగు మన్యమునందు న్యాయస్థాన మట్లు పూరించుటయు సులభము గాదు. పేరెత్తి తొలఁగించిన పదమును వ్యాఖ్యానముచే లోనికిఁ దెచ్చుట కష్టము.

కాఁబట్టి పర్యుదాసబలమున వీలునామా కొండయాచారమున కప్పగింపఁబడినదే కాని, యన్యులకుఁ దెఱవఁబడిన ద్వారము గాదనుటయే సమంజసము. అయిన నాచారము నోటిమాట. వీలునామా సాక్షులిద్దఱు గల పత్రము. న్యాయస్థానమునఁ బత్రము మాటాడినట్లు ఊరియెఱుక మాటాడలేదు. ఛోటానాగపుర శాసనమునఁ గల యొక్క పదమును జేర్చినచో నీ యసమానత తీఱును. అంతవఱకుఁ బెదబయలు సీమలో వీలునామా చూపి భూమి నడుగు నన్యుని ముందుగా నడుగవలసిన ప్రశ్న 'ఎవరు వ్రాసిరి?' అనునది కాదు. 'వ్రాసిననాఁడు భూమి యెవరి చేత నుండెను?' అనునది.